మా పిల్లలకు టికెట్ కొట్టు

ఎస్తేరమ్మ నోరు తెరిస్తే ఆర్మూర్ గోదాముల పసుపు ఏరే ఆడోళ్లంత పని ఆపి ఇంటరు. గసొంటి మనిషికి గా దినం బస్సు ఆఫీసుల నోట మాట రాలేదంటే ఇగ సూసుకోండ్రి.

సంగతేందంటే, దొంకేశ్వర్ దిక్కు నుంచి ఆళ్ల పల్లె మీదికెల్లి ఆర్మూర్‌కు పొద్దుగాల ఒక బస్సొస్తది. నెలాఖరు నుంచి గది బంద్ అన్నరు. గది తప్పిపోతే మల్ల బస్సు పదకొండు గొట్టినంకనే. బడి ఏమన్న పదకొండింటికి మొదలువెడతరా? ఊర్ల బడి ఏడో తరగతితోనే ఐపోతది. ఆ పైన సదవాలంటే మొగపొల్లగాండ్లు ఎవని బండి ఎనుకనో ఎక్కి పోతరు. ఆడపొల్లలకు గా బస్సే దిక్కు. ఎస్తేరమ్మ బిడ్డ రూత్ తొమ్మిదిల ఉన్నది, లెక్కలంటే పానం దానికి. బస్సు బందయితే గా పిల్ల బడి మాని తల్లి పక్కన కూసొని పసుపు కొమ్ములు ఏరుడే. గందుకే ఎస్తేరమ్మ బస్సు ఆఫీసుకు ఉరికింది.

"కోపం జెయ్యకమ్మా. నేను బంద్ వెడతలేను, లెక్క బంద్ వెడుతున్నది," అని ఆఫీసుల సారు కంప్యూటర్ ఆమె దిక్కు తిప్పిండు. "మీ ఊర్ల పొద్దటి బస్సుకు బడిపిల్లలు ఎక్కుతనే లేరు. ఖాళీ బస్సుకు డీజిల్ ఎవలు పోస్తరు?"

"ఖాళీనా! నీ కంప్యూటర్ పాడుగాను! రెక్కలు ఇరిగేటట్టు నిలవడి వస్తున్నం సారూ!"

"మరి టికెట్ తీస్కుంటున్నరా?"

గప్పుడు పడ్డది నోరు. ఆడోళ్లకు బస్సు ఫ్రీ అయినసంది మిషన్ల జీరో టికెట్ కొడతరు. పైసలుండయి గని, మనిషి ఎక్కినట్టు లెక్క వడతది. కండక్టర్ దయానంద్ మంచి పోరడు. బస్సు కిక్కిరిసి ఉంటది, ఒక్కొక్కల ఆధార్ కార్డు సూసి కొట్టేటాలకు ఆర్మూరే వస్తది. "పైసలు లేని టికెట్ ఎందుకు తీ తమ్మీ, ఆగం గాకు," అని ఆడోళ్లంత అన్నరు. ఆయన గూడ "పొల్లలే గదా, పోనీ తీ" అని మిషన్ సంకల వెట్టుకున్నడు. మంచితనం, మంచితనం అనుకుంట అందరు గల్సి పిల్లల కొంప ముంచిండ్రు.

ఎస్తేరమ్మ ఊరికొచ్చి, రేపటిసంది ఆడోళ్లంత కార్డు సూపిచ్చి టికెట్ తీస్కోవాలెనని ఇంటింటికి తిరిగి చెప్పింది. తెల్లారి బస్సెక్కంగనే ఆధార్ కార్డు దయానంద్ మొఖం ముందర వట్టింది.

"కొట్టు."

"ఏందక్కా, ఇయ్యాల కొత్తగ?"

"నాకు కొట్టు, రూత్‌కు కొట్టు, గీ బస్సుల ఉన్న ప్రతి ఆడపొల్లకు కొట్టు. ఒక్కల్ని ఇడిస్తివా, నీ మిషన్ చెరువుల వారేస్త!"

"ఇందరికా? మార్కెట్ దినం అక్కా, మస్తు లేటయితది."

"అయితే బస్సు ఆపి కొట్టు."

డ్రైవర్ ఇన్నట్టే జెయ్యక గేరేసిండు. ఎస్తేరమ్మ ఒక్క దుంకు దుంకి కిందికి దిగి బస్సుకు అడ్డం నిలవడ్డది. తల్లి ఎంబడి రూత్, రూత్ ఎంబడి తక్కిన పిల్లలు దిగిండ్రు.

ముందల సీట్ల రైతు సాయిలు కూసున్నడు. ఆయన పసుపు బస్తాలు ట్రాలీల ముందే యార్డుకు వోయినయి. ఆయన వోకముందే వేలం అయిపోతదని ఆయన ఫికర్. కిటికీలకెల్లి తలకాయ బయటవెట్టి మొత్తుకున్నడు.

"ఏయ్ ఎస్తేరమ్మా! తమాషా జేస్తున్నవా? నీ బిడ్డ సదువుకోసం నా పసుపు ఆగాల్నా?"

"ఆగాలె సాయిలన్నా, ఆగాలె! కాంటా మీద వెట్టనిదే నువ్వు బస్తా ఇడుస్తవా? కిలో తక్కువ సూపిస్తే యార్డంత లొల్లి జేస్తవు. నీ పసుపు కొమ్ముకున్న లెక్క నా బిడ్డకు లేదా? గీ పిల్లల్ని ఎవ్వలు లెక్కవెట్టకనే ఇయ్యాల బస్సు గుంజుకుంటున్నరు!"

సాయిలు పక్కన ఆయన పెండ్లాం పోచవ్వ సంచిల చెయ్యి వెట్టి మెల్లగ కార్డు తీసింది.

"తమ్మీ, నాకు గూడ కొట్టు."

"నువ్వు గూడనా?" అన్నడు సాయిలు.

"వచ్చే యాడాది మనుమరాలు ఎనిమిదో తరగతికి గీ బస్సే ఎక్కాలె. రోజు నువ్వు ఎత్తుకవోతవా?"

సాయిలు తలకాయ లోపటికి తీస్కున్నడు. దయానంద్ కొట్టుడు షురూ జేసిండు. సగంల కాయితం అయిపోయింది.

"రోల్ అయిపోయిందక్కా."

"ఇంకోటి ఎయ్యి. మేం యాడికి వోతలేం."

రూత్‌కు భయమైంది. "అమ్మా, ప్రేయర్ అయిపోతది. సారు గేటు బయట నిలవెడతడు."

"నిలవెట్టనియ్యి బిడ్డా. ఇయ్యాల ఒక్క దినం బయట నిలవడు. కొట్లాడకపోతే జిందగీ మొత్తం బయటనే."

తెల్లారి గదే లొల్లి, మూడో దినం గదే. నాలుగు దినాలైనంక డ్రైవరే అలవాటువడి, టికెట్లయిందాక ఇంజన్ బంద్ వెట్టి బీడీ తాగుడు నేర్సిండు. నెలాఖరుకు ఆఫీసుల సారు ఎస్తేరమ్మను పిలిపిచ్చిండు.

"ఏందమ్మా, ఇందరు పిల్లలు ఒక్కపారే యాడికెల్లి వచ్చిండ్రు?"

"యాడికెల్లి రాలే సారూ. రోజు ఎక్కుతనే ఉన్నరు. నీకు ఇప్పుడు అవుపిస్తున్నరు."

సారు నవ్విండు. "సరే, బస్సు బంద్ చేస్తలేం. ఇగ సంబురంగ పో."

ఎస్తేరమ్మ లేవలే. కుర్సీ ఇంకింత ముందటికి గుంజుకున్నది.

"గా కంప్యూటర్ జర ఇటు తిప్పు సారూ. సీట్ల కన్న టికెట్లు ఎక్కువున్నయా, లేవా?"

"ఉన్నయి..."

"నా బిడ్డ మెట్ల మీద యాలాడుకుంట బడికి వోతున్నది. ఇది నా మాట కాదు, నీ లెక్కనే చెప్తున్నది. రెండో బస్సు ఎప్పుడు ఏస్తవో చెప్పు, లేస్త."