నలభై అడుగుల బాట

"మీ అమ్మతో చెప్పు, మంగళవారం లారీ వస్తుందట" అన్నాడు ఎమెట్, గడ్డానికి సబ్బు రాసుకుంటూ.

విల్మా మొక్కజొన్న కంకులు ఆరేయడానికి వాటి పొట్టు చీల్చి జడ అల్లుతోంది. సగం జడ పక్కన పడేసి, చేతులు దులుపుకుని, పెరడు దాటి అమ్మ ఇంటికి బయలుదేరింది. లెక్కగా నలభై అడుగులు. అత్తా అల్లుడూ ఒకరి మొహం ఒకరు చూడకూడదు, ఒకరితో ఒకరు మాట్లాడకూడదు. అమెరికాలో మిస్సోరీ ఏటి ఒడ్డున బతికే హిదాత్సా తెగ వాళ్ళలో అది పగ కాదు, మర్యాద. మర్యాద వాళ్ళిద్దరిదీ, నడక మాత్రం విల్మాది. ఇరవై ఏళ్ళుగా ఆమె కాళ్ళ కింద నలిగి ఆ బాట మీద గడ్డి మొలవడమే మానేసింది.

అమ్మ గుమ్మడి చెక్కలు ఎండబెడుతోంది.

"లారీ వస్తే రానీ. ఇంటిని ఎక్కడికి ఈడ్చుకుపోతుందట?"

"గుట్ట మీదికి. రోడ్డు పక్కనే."

"అది తొండలు గుడ్లు పెట్టే నేల! వచ్చే పోయే కార్లు చూసుకుంటూ కడుపు నింపుకుంటాడా ఆ పెద్దమనిషి? నేనిలా అన్నానని చెప్పు. నీకు చేతనైతే."

విల్మాకి చేతకాదు, అదే వచ్చిన చిక్కు. ఆ నలభై అడుగుల్లో ఆమె అమ్మ మాటల్లోని ముళ్ళన్నీ ఏరేసేది. ఎమెట్ మాటల్లోవీ అంతే. "ముసలామెకు మొండితనం" అని అతనంటే, "మీ ఓపిక గొప్పదన్నాడమ్మా" అని చేరవేసేది. ఊళ్ళో అందరూ ఆ అత్తా అల్లుళ్ళ పొందిక చూసి నేర్చుకోమనేవారు. ఆ పొందిక ఎవరు వండి వారుస్తున్నారో ఒక్కరూ అడగలేదు.

తిరిగి వెళ్తూ ఏటి గట్టున నిలబడి చూసింది. మిస్సోరీ ఎప్పటిలాగే బురద రంగులో, తన మానాన తాను పోతోంది. మంచు కరిగే రోజుల్లో వరద వచ్చేది, తోటంతా ఒండ్రు పరిచేది, నెల తిరక్కుండా వెళ్ళిపోయేది. అమ్మమ్మ ఆ మట్టి మీదే బతికింది, తోట అమ్మకి ఇచ్చింది. వచ్చే వసంతంలో దిగువన కడుతున్న ఆనకట్ట మూస్తారు. అప్పుడొచ్చే నీళ్ళు మళ్ళీ వెళ్ళవు. కింద పట్టణాలు మునగకూడదట, అందుకని. అంటే వాళ్ళ వరదనంతా తెచ్చి మన తోటల్లో దాచుకుంటారన్నమాట అనుకుంది విల్మా.

ఇంటికొచ్చేసరికి బల్ల మీద కొత్త స్థలం రాయించుకునే కాగితం ఉంది. 'కుటుంబ పెద్ద' అన్నచోట ఎమెట్ తన పేరు పెన్సిలుతో రాసుకున్నాడు. మంగళవారం ఆఫీసాయన వచ్చి సిరాతో రాయిస్తాడు. హిదాత్సా వాళ్ళలో ఇల్లూ తోటా ఆడవాళ్ళవి. పెళ్ళిలో ఎమెట్ ఒక్క గుర్రపు జీను భుజాన వేసుకుని ఈ ఇంటికి ఇల్లరికం వచ్చాడు. "ఒక్కసారైనా నా గుమ్మంలో నేను నిలబడాలి విల్మా" అన్నాడు మొన్న. ఆ మాటకి ఆమెకి జాలేసింది, ఇప్పటికీ వేస్తోంది. కానీ గుట్ట మీద బావి లేదు. నాలుగు మైళ్ళ నుంచి నీళ్ళు తేవాలి. తెచ్చేదెవరో రాయడానికి ఆ కాగితంలో చోటు లేదు.

"ఏమందట మీ అమ్మ?" అన్నాడు ఎమెట్, మొహం తుడుచుకుంటూ.

"ఆలోచిద్దాం అంది" అని నోటిదాకా వచ్చింది.

"అయినా ఇంకేమంటుందిలే. పోయిన వసంతంలోనే ఒప్పుకుందిగా. 'చూద్దాం' అందని నువ్వు చెప్పబట్టే గదా, ఆ గుట్ట రాయించాను."

వసంతంలో అమ్మ అన్నది 'చూద్దాం' కాదు. "ముందు నన్ను పాతిపెట్టి, ఆ తర్వాత గుట్ట ఎక్కమను" అంది. ఆ మాటనే విల్మా దారిలో మెత్తబరిచి 'చూద్దాం' చేసింది. గుట్ట మీదికి దారి వేసింది తనే.

"అమ్మ అలా అనలేదు" అంది. తర్వాత వసంతంలో అన్నదీ, ఇవాళ అన్నదీ, తొండలతో, కార్లతో సహా, ఉన్నదున్నట్టు అప్పజెప్పింది.

ఎమెట్ తువ్వాలు కిందికి దించాడు. "ఇరవై ఏళ్ళూ ఇలాగే అనేదా?"

"ఇంకా ఘాటుగా."

అతనికి నవ్వు రాబోయింది, అంతలో మొహం ముడుచుకుపోయింది. కిటికీలోంచి ఆ బాట వైపు చూశాడు. "అయితే ఆవిడ మాట అది. నా మాట ఇది. నువ్వేమంటావు?"

ఆ ప్రశ్న ఆమెను ఇంతవరకు ఎవరూ అడగలేదు. జవాబు కోసం నలభై అడుగులు నడవక్కర్లేదు. పెన్సిలు తీసుకుంది, అతని పేరు మీద గీత కొట్టింది.

"గుట్ట వద్దు, వాగు మలుపు దగ్గర స్థలం తీసుకుందాం. ఆనకట్ట నీళ్ళు అక్కడిదాకా రావు, మట్టి నల్లగా ఉంది, విత్తనం అడుగుతోంది. అమ్మ ఇల్లూ మన ఇల్లూ పక్కపక్కనే. మధ్యలో బాట మాత్రం ఈసారి నేను వెయ్యను, మీ ఇద్దరి మర్యాద మీరే నడిపించుకోండి."

'కుటుంబ పెద్ద' ఎదురుగా తన పేరు రాసింది.

"మరి నేను?" అన్నాడు ఎమెట్.

"పెళ్ళినాడు వచ్చినట్టే రా" అంది విల్మా. "జీను మర్చిపోకు."