నొప్పి లేని ఎరుపు

ఆ ఉదయం ఆకాశం మబ్బు పట్టి, వాన కురవక, ఎండ కాయక ఉసూరుమంటూ ఉంది. అద్దకం షెడ్డు వెనక్కి మూత్రానికి వెళ్ళిన మేస్త్రీ కిందికి చూసి, ఎప్పటిలాగే కళ్ళు తిప్పుకున్నాడు. మూత్రం ఎర్రగా ఉంది.

చదివేవారికి ఇది మూర్ఖత్వంగా తోచవచ్చు. ఆ షెడ్డులో పనిచేసేవారికి తోచదు. ఏళ్ళ తరబడి ఉత్త చేతులతో రంగు కలిపేవాళ్ళకి చెమట కూడా రంగు తేలుతుంది. "తాగిన రంగు దిగుతోంది బావా! నిన్ను పిండితే ఓ దుప్పటి అద్దొచ్చు" అని బావమరిది ఆటపట్టించేవాడు. నొప్పి లేదు, మంట లేదు. మేస్త్రీ కూడా నవ్వేసేవాడు.

ఆ సాయంత్రం స్నానాలగది కడగబోయిన భార్య కేకేసింది.

"ఏమయ్యా, ఇప్పుడు ఏ తొట్టి దగ్గర చేస్తున్నావ్?"

"నీలం రంగు తొట్టి. ఎర్ర తొట్టి ఆపేసి రెండు నెలలైంది. ఏం?"

ఆమె పక్కకి జరిగి నేల చూపించింది. అతనే చూశాడు. నేల మీద మూత్రం ఎర్రగానే ఉంది, నీలంగా కాదు.

పరీక్షలన్నీ అయ్యాక డాక్టరమ్మ దాచలేదు. "మూత్రాశయంలో క్యాన్సర్. త్వరగా పెరిగే రకం. కండరంలోకి దిగింది."

"బతుకుతానా అమ్మా?" మేస్త్రీ అడిగాడు.

"ఇంకా బయటికి పాకలేదు. ముందు కీమో ఇచ్చి, తర్వాత మూత్రాశయం తీసేస్తాం. ఈ దశలో దాదాపు సగంమంది ఐదేళ్ళు దాటి బతుకుతున్నారు. పొట్టకి మూత్రం సంచి తగిలించుకుని పనికి పోతున్నవాళ్ళూ ఉన్నారు."

"మిగతా సగం?"

"వాళ్ళని నిలపలేకపోతున్నాం. అందుకే ఇక ఒక్కరోజు కూడా ఆలస్యం వద్దంటున్నాను. కొన్ని రంగుల మందులు ఏళ్ళ తరబడి ఒంటికి తగిలితే ఈ జబ్బు రావచ్చు. మీవాళ్ళకీ చెప్పండి."

మర్నాడు భార్యాభర్తలిద్దరూ షెడ్డుకి వెళ్ళేసరికి పనివాళ్ళు భోజనాలకి లేస్తున్నారు.

"ఏం బావా, రంగు వదిలించారా?" బావమరిది ఎదురొచ్చాడు.

"రంగు కాదురా. రక్తం. క్యాన్సరంట."

బావమరిది నవ్వు సగంలో ఆగిపోయింది. అక్క మొహంకేసి చూశాడు. మిగతావాళ్ళకి వినపడనంత మెల్లగా అన్నాడు: "బావా... పోయిన వారం నాక్కూడా..."

మేస్త్రీ అతని భుజం పట్టుకున్నాడు.

"రేపు నాతో ఆసుపత్రికి రా. మీరందరూ వినండి. నొప్పి లేదు కదా అని నేను నవ్వుకుంటూ కూర్చున్నాను. మూత్రంలో ఒక్కసారి ఎరుపు కనబడినా సరే, అది రంగో రక్తమో డాక్టరే తేల్చాలి. మనం కాదు."

పనివాళ్ళు ఒక్కొక్కరే పంపు దగ్గరికెళ్ళి మోచేతుల దాకా రుద్ది రుద్ది కడుక్కొచ్చారు. అక్క తమ్ముడి పక్కనే కూర్చుని డబ్బా మూత తీసింది. అందరూ తలలు వంచుకుని అన్నం తిన్నారు.