మూడు దెబ్బల పేరు

సాలమోను మోకాళ్ళ మీద కూర్చుని కాగితాల పెట్టె విప్పుతున్నాడు. బయట మే నెల ఎండకి అమలాపురం రోడ్ల మీద తారు చెప్పులకు అంటుకుంటుంటే, ఈ గదిలో అతను ఉన్ని స్వెట్టరు తొడుక్కుని, చెవుల మీదుగా తువ్వాలు చుట్టుకుని ఉన్నాడు. కరెంటు బిల్లులు అచ్చువేసే కంప్యూటరుకి చల్లగా ఉండాలట. మనుషుల సంగతి ఎవరూ అడగలేదు. పొద్దున్నే ఆ స్వెట్టరు చేతిమీద వేసుకుని ఉప్పలగుప్తం దగ్గర బస్సెక్కితే, మలేరియా మనిషేమోనని పక్కవాళ్ళు కాస్త జరిగి కూర్చునేవారు. సాలమోనుకీ అది బాగానే ఉండేది, జాగా దొరికింది కదా అని.

పెట్టెలోని కాగితం ఒకటే కాగితం. మడతలు మడతలుగా, తెగకుండా, పెట్టె అడుగుదాకా వస్తుంది. దాని రెండు అంచులా ఉన్న చిల్లుల్ని ప్రింటరు పళ్ళకు తగిలించాలి. ఒక్క చిల్లు తప్పినా రాజోలు బిల్లు సగం పోయి కొత్తపేట బిల్లు మీద పడుతుంది. సాలమోను తొందరపడడు. ఇరవై ఏళ్ళు ఇదే ఆఫీసులో స్టెన్సిలు మిషను పిడి తిప్పి కాగితాలు అచ్చేసిన మనిషి. సిరా గోళ్ళలోకి ఎక్కి నల్లగా ఉండిపోయింది. మిషను పోయి ప్రింటరు వచ్చినప్పుడు, అచ్చు కాబట్టి ఇదీ నీ పనేనని అతన్ని ఇక్కడ కూర్చోబెట్టారు. జీతమూ మారలేదు, గోళ్ళూ మారలేదు.

కాగితం తగిలించాక, బిల్లులు మొదలయ్యే ముందు రిబ్బను సరిగ్గా ఉందో లేదో చూడడానికి ఒక పేజీ పరీక్షగా వేస్తాడు. రోజూ అదే పేజీ. ఆ పేజీ నిండా ఒకటే మాట, ఇంగ్లీషు పెద్ద అక్షరాల్లో. హన్నా, హన్నా, హన్నా.

హన్నా అతని కూతురు. పదకొండో ఏట పచ్చకామెర్లు వచ్చాయి. ఊళ్ళో పసరు పోయించి, తగ్గుతుందని చూసి, తగ్గక అమలాపురం తీసుకొచ్చేసరికి పిల్ల మాట పడిపోయింది. సమాధి చేసి వచ్చిన రోజున అతని భార్య సువార్తమ్మ పిల్ల గౌన్లన్నీ ట్రంకుపెట్టెలో పెట్టి మూత వేసింది. ఆ తరవాత ఆ పేరు ఎత్తలేదు. ఎత్తవద్దని మొగుడికీ చెప్పలేదు, కానీ ఒకసారి అతను ఎత్తబోతే ఆమె లేచి పెరట్లోకి వెళ్ళిపోయింది. ప్రార్థన చేసేటప్పుడు కూడా ఇద్దరూ ఆ పేరును దాటుకుని వెళ్ళేవారు. అలా ఆ ఇంట్లో పేరు లేకుండా పోయింది.

ప్రింటరు బిగించడానికి వచ్చిన కుర్ర ఇంజనీరు, "పరీక్షకి ఏదో ఒక పేరు చెప్పండి" అన్నాడు. సాలమోను ఆలోచించలేదు. ఆ పేరు నోట్లోంచి దానంతట అదే వచ్చేసింది. ఇంజనీరు దాన్ని పేజీ నిండా కొట్టి, ఫైలుగా దాచి, ఏ మీటలు నొక్కితే అది వస్తుందో చూపించి వెళ్ళిపోయాడు.

ఆ ప్రింటరులో గుండ్రంగా తిరిగే ఇనప పీపా ఒకటి ఉంటుంది. ఒక అక్షరం వంతు వచ్చినప్పుడు, వరసలో ఆ అక్షరం ఎన్నిచోట్ల ఉంటే అన్నిచోట్లా సుత్తులు ఒక్కసారే పడతాయి. బిల్లులైతే తలా ఒక అక్షరం కాబట్టి రేకుల మీద వానలా చప్పుడు. ఇంగ్లీషులో హన్నా పేరుకి కావలసినవి మూడే రకాల అక్షరాలు. వరసకి మూడే దెబ్బలు, గది అదిరేలా. ధన్, ధన్, ధన్. సాలమోను స్టూలు మీద కూర్చుని అది వినేవాడు. పేజీ అయిపోగానే చింపి, మడిచి, చెత్తబుట్టలో వేసేవాడు. దాచుకోవాలని ఎప్పుడూ అనిపించలేదు. రేపు మళ్ళీ వస్తుంది కదా.

ఇవాళ మీటలు నొక్కితే ప్రింటరు కదల్లేదు. మళ్ళీ నొక్కాడు. తెర మీద ఇంగ్లీషులో ఏదో వచ్చింది. అతను కూడబలుక్కుని చదివేలోపు అద్దాల గదిలోంచి పుష్పలత వచ్చింది. కాకినాడలో చదువుకుని కొత్తగా వచ్చిన ప్రోగ్రామరు. నిన్నంతా తలెత్తకుండా మీటలు కొడుతూనే ఉంది.

"ప్రింటరుకి కొత్త కట్టుబాటు పెట్టానండీ సాలమోనుగారూ. ఇకనుంచి బిల్లు అని ముద్ర ఉన్న ఫైలు తప్ప అది ఇంకేదీ చదవదు."

"పాడైందేమో అనుకున్నానండీ."

"పాడవలేదండి. ఎక్కడో ఒకచోట దొంగ రసీదులు అచ్చేసేరంట. అందుకని అన్నిచోట్లా ఇలా పెట్టమన్నారు. మీరు చెప్పినా, నేను చెప్పినా, ఆఫీసరు కృపారావుగారు చెప్పినా అది వినదు. ముద్ర ఉండాలి, అంతే."

"లాకు తలుపులాగన్నమాట" అన్నాడు సాలమోను. "కాలవ పక్కనున్న చేను ఎండిపోతున్నా, పైనుంచి ఆర్డరు లేందే లాకు ఎత్తరు కదండీ."

"అచ్చం అంతేనండి" అంది పుష్పలత సంతోషంగా. ఇంత సులువుగా అర్థం చేసుకున్నవాళ్ళు ఈ ఆఫీసులో ఇంకెవరూ లేరు మరి.

సాలమోను తువ్వాలు విప్పి మళ్ళీ చుట్టుకున్నాడు. "మేడంగారండీ, రోజూ ఒక కాయితం వేసుకుంటానండీ. రిబ్బను చూసుకోడానికి. ఆ ఒక్కటీ..."

"దానికి వేరే పేజీ పెట్టానండి. చుక్కలూ గీతలూ అన్నీ వస్తాయి, అది ఇంకా మంచిది. ఆ పాత ఫైలు ఎవరిదో, ఎందుకుందో కూడా తెలీదు. ఒకదానికి తలుపు తీస్తే రేపు ఇంకోళ్ళు అడుగుతారు. పైవాళ్ళకి నేను జవాబు చెప్పుకోవాలి కదండీ."

"ఆయ్" అన్నాడు సాలమోను.

ఎవరిదో అని ఆమె అన్నప్పుడు చెప్పి ఉండవచ్చు. ఆ రెండు ముక్కలూ అతని నోటికి రాలేదు. ఇంట్లో అనని మాట ఆఫీసులో ఎలా అంటాడు? ఇన్నేళ్ళూ అతని తరఫున ఆ ప్రింటరే అంటూ వచ్చింది.

కొత్త పేజీ వేశాడు. చుక్కలూ గీతలూ శుభ్రంగా పడ్డాయి. చింపి బుట్టలో వేశాడు. బిల్లుల వాన మొదలైంది. ఆ చప్పుడులో సాలమోనుకి దుఃఖం వచ్చింది. సమాధుల దొడ్డిలో మట్టి పోస్తున్నప్పుడు రానిది, ఇప్పుడు, ఇంతమంది మధ్య, స్వెట్టరు వేసుకుని స్టూలు మీద కూర్చున్నప్పుడు వచ్చింది. తువ్వాలు కొసతో కళ్ళద్దాలు తుడుచుకుంటున్నట్టు ముఖం తుడుచుకున్నాడు. పిల్ల రెండోసారి పోయింది, ఈసారి పసరు పొయ్యడానికి కూడా లేదు అనుకున్నాడు.

మధ్యాహ్నం క్యారేజీ విప్పి అలాగే కూర్చున్నాడు. మీటరు రీడింగులు కంప్యూటరులోకి ఎక్కించే దీనమ్మ అది చూసింది. వాళ్ళ చర్చి అమ్మాయే.

"బాబాయ్‌గారూ, అన్నం ముట్టుకోలేదేంటండీ? పిన్నిగారు కొరమీను పులుసెట్టి పంపేరు కదా!"

"ఎడం చెయ్యి లాగేస్తందమ్మా. పొద్దున్న పెట్టె ఎత్తేను కదా, నరం పట్టేసుంటాది. పులుసు నువ్వు తినెయ్యి."

"చెయ్యి లాగితే కన్నీళ్ళొస్తాయేంటండీ? పొద్దున్న ఆ పేజీ రాలేదు కదా. నాకు తెల్దేంటి?"

"ఊరుకో అమ్మా" అన్నాడు సాలమోను. "ఆ మేడంగారు చేసింది సబబే."

దీనమ్మ ఊరుకునే రకం కాదు. పులుసు గిన్నె పట్టుకుని తిన్నగా అద్దాల గదిలోకి వెళ్ళింది. అద్దం వెనకాల మాట వినబడలేదు. దీనమ్మ చేతులు తిప్పడం, ఇంత పిల్ల అని చేత్తో ఎత్తు చూపించడం కనిపించింది. పుష్పలత ముద్ద చేతిలో పట్టుకుని ఇటు చూసింది. సాలమోనుకి సిగ్గేసి రిబ్బను సరిచేస్తున్నట్టు వెనక్కి తిరిగాడు.

భోజనాలయ్యాక రాజోలు బిల్లులు పెట్టారు. పెద్ద ఊరు, చాలాసేపు పడుతుంది. సాలమోను స్టూలు గోడకి జరుపుకుని తల ఆనించాడు. ఎడం చెయ్యి తనది కానట్టు బరువుగా ఉంది. ఏసీ గదిలో మెడ కింద చెమట పట్టింది. ఎప్పుడూ పట్టని చెమట ఇవాళెందుకు పట్టిందా అనుకున్నాడు గాని లేచి ఎవరికీ చెప్పాలనిపించలేదు. వాన కురుస్తూనే ఉంది. రాజోలు బిల్లులు అయిపోవస్తున్నాయని ఆ చప్పుడు పలచబడడాన్ని బట్టే అతనికి తెలుస్తుంది. ప్రింటరు ఆగేలోపే లేచి నిలబడడం అతని అలవాటు.

వాన ఆగింది. ప్రింటరు ఆగలేదు.

ధన్, ధన్, ధన్.

సాలమోను కళ్ళు తెరిచాడు. మళ్ళీ మూడు. మళ్ళీ మూడు. గాజు తలుపు అదురుతోంది. అద్దం వెనకాల పుష్పలత లేచి నిలబడి అతనికేసే చూస్తోంది, బాగుందా అని అడిగినట్టు. అతను తల ఊపాడు, ఊపాననుకున్నాడు. పెరట్లో మొక్కజొన్న పొత్తు కాలుస్తూ "నాన్నోయ్" అని కేకేసిన పిల్ల గొంతు గుర్తొచ్చింది. లేచి కాగితం చింపాలి. కాస్సేపు ఆగి లేద్దాంలే అనుకున్నాడు, ఉద్యోగంలో మొదటిసారి.

పేజీ అయిపోయింది. ప్రింటరు ఆగింది. ఆగిన తరవాత కూడా అతను లేవకపోవడం చూసి, రీడింగులు ఎక్కిస్తున్న దీనమ్మ చేతులు మీటల మీదే నిలిచిపోయాయి.

సాయంత్రం సువార్తమ్మ వచ్చింది. శవాన్ని బండిలోకి ఎక్కించారు. క్యారేజీ, చెప్పులు తీసుకోవడానికి ఆమె లోపలికి వచ్చి, ఆ చలికి కొంగు కప్పుకుంది. పుష్పలత ఏడ్చి ఏడ్చి ఉంది. ఫైలుకి బిల్లు ముద్ర వేసింది తనేనని, పైవాళ్ళకి జవాబు తను చెప్పుకుంటానని, పొద్దున్నే వేసి ఉండవలసిందని అడక్కుండానే చెప్పింది. సువార్తమ్మకి అందులో ఏమీ అర్థం కాలేదు. ప్రింటరుకి వేలాడుతున్న కాగితం మాత్రం చూసింది. ఆమెకి తెలుగు బైబిలు వచ్చు, ఇంగ్లీషు రాదు.

"ఏం రాసుందమ్మా?"

"హన్నా అని ఉందండి. పేజీ అంతా అదే. రోజూ ఇదేసుకునేవారంట" అంది పుష్పలత.

సువార్తమ్మ వేలితో ఒక వరసని మెల్లగా తడిమింది. రిబ్బను మసి వేలికి అంటింది.

"జొరమొచ్చినా ఆఫీసు మానేవోరు కాదు" అంది. "తిట్టేదాన్ని. ఇందుకన్నమాట." తరవాత, కాగితం కేసే చూస్తూ, "హన్నా" అంది, పెరట్లో ఉన్న పిల్లని పిలిచినట్టు.

చింపి ఇమ్మంటారా అని దీనమ్మ అడిగితే వద్దంది. స్వెట్టరు ఆయన ఒంటి మీదే ఉంచమని చెప్పి, క్యారేజీ పట్టుకుని బండి దగ్గరికి నడిచింది.

అందరూ వెళ్ళిపోయాక దీనమ్మ స్టూలు మళ్ళీ ప్రింటరు ముందుకి జరిపి దీపాలు ఆర్పింది. ప్రింటరు ముందు ఖాళీ స్టూలు. దాని మీదికి జారిన ఆఖరు కాగితం, చింపేవాళ్ళు లేక, పెట్టెలోని రేపటి తెల్లకాగితాలకి అలాగే అతుక్కుని ఉంది.