ఒకటి దగ్గర మొదలయ్యే స్కేలు

మా ఇంట్లో భోజనాల బల్ల మీద భోజనం చేసి చాలా రోజులైంది. దాని మీద మా ఆయన చార్టు పరుచుకుని ఉంది. అమ్మాయితో కలిపి మేం ముగ్గురం పళ్ళేలు ఒళ్ళో పెట్టుకుని తింటున్నాం. నీళ్ళ గ్లాసు పెట్టుకోవడానికైనా ఒక మూల వదలమని అడిగాను. నీళ్ళు ఒలికితే ఆధారం చెరిగిపోతుందన్నారు.

మా ఆయన బళ్ళో అయిదో తరగతికి లెక్కలు చెప్తారు. ఈ ఏడు కొత్తగా వచ్చిన హెడ్‌మేడం మొదటి మీటింగులోనే తేల్చి చెప్పేసిందట. ఇకమీదట ఎవరికి తోచినట్టు వాళ్ళు పాఠం చెప్పడానికి వీల్లేదు, పరీక్షల్లో పిల్లలు చూపించిన ఆధారాన్ని బట్టే చెప్పాలని. మాట మంచిదే, వంక పెట్టడానికేం లేదు. కానీ ఆధారం కంటికి కనబడాలి కదా, అందుకని ప్రతి టీచరూ ఒక చార్టు కట్టాలంది. పిల్లల పేర్లు నిలువుగా, ప్రశ్నలు అడ్డంగా. ఒప్పు రాసినవాళ్ళకు ఆకుపచ్చ, తప్పు రాసినవాళ్ళకు ఎరుపు, అటూ ఇటూ కానివాళ్ళకు పసుపు.

మా ఆయనకు ఏ పనీ సగం సగం చేయడం చేతకాదు. బడి నుంచి రాగానే చొక్కా కూడా మార్చకుండా పెన్సిళ్ళు చెక్కుకుని కూర్చునేవారు. గడి దాటి రంగు పోకుండా, నాలిక కొస బయటపెట్టి మరీ దిద్దేవారు. రంగు వేయడం అయిపోగానే జవాబు పేపర్లు కట్టగట్టి మంచం కిందకి తోసేసేవారు. వాటితో ఇంకేం పని? సారమంతా చార్టులోకి దిగిపోయింది కదా!

అలా దిద్దుతుండగా ఒకరోజు కొలతల వరుసలో ఎరుపు కనబడింది. గీత పొడవు కొలిచి రాయమన్న ప్రశ్నది. సగం తరగతి తప్పు.

“ఏం తప్పు చేశారండీ?” అన్నాను, పక్క నుంచి వంగి చూస్తూ.

“ఆరో ప్రశ్న.”

“అది ప్రశ్న. తప్పేమిటీ అంటున్నా.”

“తప్పు తప్పే. అందులో రకాలేముంటాయి? ఎరుపు ఒక్కటే ఇచ్చింది మేడం.”

ఆధారం దొరికింది కాబట్టి పాఠం మళ్ళీ చెప్పారు. బోర్డు మీద గీతలు గీసి, స్కేలు పెట్టి, గొంతు పోయేదాకా చెప్పారు. మళ్ళీ పరీక్ష పెట్టారు. ఈసారి ఎరుపు ఇంకా పెరిగింది. క్రితంసారి పచ్చగా ఉన్న పిల్లలు కూడా ఎర్రబడ్డారు. మొత్తం వరుసలో ఒక్కటే ఆకుపచ్చ గడి మిగిలింది. ఆ పిల్లెవరా అని చూస్తే, గవదబిళ్ళలొచ్చి ఆ పాఠమంతా అయిపోయేదాకా ఇంట్లో పడుకుని, పరీక్షరోజుకి లేచి వచ్చిన పిల్ల.

“పోనీ మిగతావాళ్ళకి కూడా గవదబిళ్ళలు తెప్పిద్దామా?” అన్నాను.

“నువ్వు దెప్పకు. నా బాధ నాకుంది.”

బాధ నిజమే. మర్నాడు హెడ్‌మేడం పిలిచి, “ఆధారం మాట్లాడుతోంది మాస్టారూ, మీరే వినడంలేదు,” అందట. వచ్చే పరీక్షలో ఎరుపు తగ్గకపోతే అయిదో తరగతి లెక్కలు డ్రిల్లు మాస్టారికి ఇచ్చేస్తుంది. మా ఆయన సామాన్ల గది చూసుకోవాలి.

ఆ సాయంత్రం ఆయన రంగుపెన్సిళ్ళ డబ్బా తీయలేదు. అన్నం కెలికి లేచిపోయారు. ఉద్యోగంలో చేరిన నాటినుంచీ అయిదో తరగతే ఆయన లోకం. పై తరగతులిస్తామన్నా వెళ్ళని మనిషి.

“చాక్‌పీసులు లెక్కపెట్టుకుంటాలే,” అన్నారు కిటికీలోంచి బయటికి చూస్తూ. “అవైతే తప్పులు చెయ్యవు.”

నవ్వబోయి, ఆయన మొహం చూసి ఊరుకున్నాను.

ఆ కిటికీ అద్దమే మాకు అక్కరకొచ్చింది. గాలికి రెక్క కొట్టుకుని దానికున్న చిన్న అద్దాల్లో ఒకటి పగిలింది. మా అమ్మాయి కూడా అయిదో తరగతే, వాళ్ళ నాన్న దగ్గరే. దాని స్కేలుతో కొలిపించి, ఆ కొలత అద్దాల కొట్టాయనకు చెప్పాను. ఆయన గాజు కోసుకుని బిగించడానికి వచ్చాడు. నిలువుగా పెట్టాడు, పట్టలేదు. అడ్డంగా తిప్పాడు, అసలే పట్టలేదు.

“కాస్త నొక్కి చూడండి,” అన్నాను.

“నొక్కితే పగులుద్ది గానీ సర్దుకోదమ్మా. అటూ ఇటూ ఒక్కో సెంటీమీటరు ఎక్కువుంది. మీరిచ్చిన కొలత ప్రకారమే కోశాను, కావలిస్తే చూసుకోండి. ఇంతకీ కొలిచిందెవరు?”

“మా అమ్మాయి. లెక్కల మాస్టారి కూతురు.”

“అలాగా!” అన్నాడు. ఆ ‘అలాగా’ని ఆయన సాగదీసిన తీరు నాకు వినబడనట్టే ఊరుకున్నాను.

ఆయన వెళ్ళాక అమ్మాయిని పిలిచి మళ్ళీ కొలవమన్నాను. స్కేలు తెచ్చింది. ఒకటి అంకెను చట్రం అంచుకు ఆనించి, ఒక కన్ను మూసి, అవతలి అంచు దగ్గర అంకె చదివింది. “ఇరవై అయిదు. మొన్న చెప్పిందే కదమ్మా!”

“సున్నా దగ్గర మొదలెట్టవేమే?”

“అక్కణ్ణించి కొలవకూడదు.”

“మరి దాన్నెందుకు వేశారంటావ్?”

“ఏమో, మొదట్లో ఉండాలని వేసుంటారు. సార్ ఒకటి దగ్గరే పెడతారు.”

“ఏ సారే?”

“నాన్నే! బళ్ళో సార్ కదా,” అంది, ఇది కూడా తెలియదా అన్నట్టు.

తప్పెక్కడుందో నాకు అర్థమైంది. ఆయనకు చెప్పేయొచ్చు. కానీ ఇన్నేళ్ళు పాఠం చెప్పిన మనిషికి కూర తరుగుతూ భార్య చెబితే అది ఆధారం కింద రాదు, సాధింపు కింద జమ అవుతుంది. అందుకని ఆయన రాగానే టీ చేతికిచ్చి, “ఏమండీ, అద్దం పట్టలేదు. ఒక్కసారి మీరు కొలిచిపెట్టండి,” అన్నాను. స్కేలు పట్టుకుని అమ్మాయి పక్కనే నిలబడింది.

ఆయన దిగులుగానే లేచారు. ఒకటి అంకెను అంచుకు ఆనించారు. అవతల చూశారు. “ఇరవై నాలుగు,” అన్నారు.

“ఇరవై అయిదు కదా నాన్నా!” అంది అమ్మాయి, వేలు పెట్టి చూపిస్తూ.

“కనబడేది ఇరవై అయిదే. ఒకటి తీసెయ్యాలి కదమ్మా.”

“ఎందుకు తీసెయ్యాలి?”

“ఒకటి దగ్గర మొదలెట్టాం కాబట్టి.”

“బళ్ళో ఎప్పుడూ తీసెయ్యమని చెప్పలేదే!”

“చెప్పకపోవడమేమిటే, అది తెలిసిన…” అని ఆగిపోయారు. స్కేలు ఇంకా కిటికీకే ఆనించి ఉంది.

“అసలు సున్నా దగ్గర ఎందుకు పెట్టరండీ?” అన్నాను, నాకేమీ తెలియనట్టు.

“బోర్డు దగ్గరుండే చెక్కస్కేలు మొన విరిగిపోయి ఏళ్ళైంది,” అన్నారు మెల్లిగా. “దానికి సున్నా లేదు. ఒకటి దగ్గర పెట్టి, మనసులో తీసేసి చెప్పడం అలవాటైపోయింది. వెనకున్న పిల్లలకు అవతలి అంకె కనబడదు కదా, నేను ఒకటి దగ్గర పెట్టడమే తెలుస్తుంది…”

అంటూనే మంచం కిందకి దూరారు. బూజుతో సహా పేపర్ల కట్ట బయటికి లాగారు. రంగులు కాకుండా జవాబులు చూడటం అదే మొదలు. ఏడుండాల్సిన చోట ఎనిమిది. పదకొండుకి పన్నెండు. ఒక కాగితం, ఇంకో కాగితం, అన్నీ అంతే. ఎవరూ ఎవరిదీ చూసి రాయలేదు. గవదబిళ్ళల పిల్ల తప్ప అందరూ సరిగ్గా ఒక్కటే ఎక్కువ.

“చూశావా?” అన్నారు, కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ. “అందరూ నేను పెట్టినట్టే పెట్టారు. ఒక్కడు కూడా తప్పిపోలేదు. ఎంత శ్రద్ధగా విన్నారే!”

సిగ్గుపడుతున్నారో, మురిసిపోతున్నారో తేల్చుకోలేకపోయాను. అదృష్టం, నా దగ్గర చార్టు లేదు.

మర్నాడు సామాన్ల గదికి ఆయనే వెళ్ళి కొత్త చెక్కస్కేలు అడిగారు. కట్ట విప్పని కొత్త స్కేళ్ళు అక్కడ ఎప్పటినుంచో పడున్నాయట. ఎవరూ అడగలేదు, వాళ్ళు ఇవ్వలేదు. తరగతికి వెళ్ళి పిల్లలకు జరిగింది దాచకుండా చెప్పేశారు. చెప్పి, కొత్త స్కేలు తీసుకుని, గీతకు ఆనించి, అలవాటు కొద్దీ ఒకటి దగ్గరే పెట్టారు.

“సున్నా సార్!” అని గది దద్దరిల్లిందట. అందరికన్నా పెద్ద గొంతు ఎవరిదో ఆయన చెప్పలేదు. అమ్మాయే చెప్పుకుంది.

తరవాతి పరీక్షలో కొలతల వరుస పచ్చగా తేలింది. అయిదో తరగతి ఆయన దగ్గరే ఉండిపోయింది. డ్రిల్లు మాస్టారు బతికిపోయానన్నాడట. హెడ్‌మేడం మా ఆయన చార్టుని వరండాలో మేకులు కొట్టి వేలాడదీసింది. “చూశారా, రంగులు వేస్తే ఎంత మార్పొచ్చిందో!” అని అక్కడే మీటింగు పెట్టి మిగతా టీచర్లకు చూపించింది. ఈయన నిలబడి, “మార్పు స్కేలు వల్ల వచ్చింది మేడం, అది విరిగిపోయి…” అని మొదలుపెట్టారు.

“అంత వినయం పనికిరాదు మాస్టారూ,” అని కూర్చోబెట్టేసింది. ఇకనుంచి చార్టులు రెండింతల సైజులో కట్టాలని అక్కడికక్కడే ఉత్తర్వు.

ఈయన కడుతున్నారు. కానీ ఇప్పుడు ఎరుపు వేసేముందు పెన్సిల్ గాల్లోనే ఆపి, కాగితం నా ముందుకు తోస్తారు. “వీడు ఇలా ఎందుకు రాసుంటాడంటావ్?” అని. నేను ఒకటి అంటాను, అమ్మాయి ఒకటి అంటుంది, పొద్దున్నే ఆ పిల్లవాణ్ణే అడిగి తెలుసుకుని వస్తారు. తరచుగా మా ఇద్దరిదీ తప్పే అవుతుంది.

దాంతో మంచం కింద ఖాళీ అయింది. పేపర్లన్నీ ఇప్పుడు భోజనాల బల్ల మీదే, పెద్ద చార్టు పక్కన. పళ్ళేలు ఇంకా మా ఒళ్ళోనే ఉన్నాయి.