ఆనందం సారు కారు, మహిమ సిస్టర్ మాట

ఆనందం సారు నోరు మూసుకుని కూర్చున్నాడంటే బనగానపల్లెలో ఎవరూ నమ్మరు. హైస్కూల్లో ఆయన సోషల్ పాఠం చెబుతుంటే పక్క క్లాసు పిల్లలు కూడా అదే వినేవాళ్ళు. ఆదివారం చర్చిలో కీర్తన ఎత్తుకుంటే మైకు పనే ఉండేది కాదు. అలా ఏళ్ళ తరబడి గొంతు చించుకున్నందుకు లోపల ఒక కాయ లేచింది. కర్నూలులో డాక్టరు ఆపరేషన్ చేసి దాన్ని తీసేశాడు. "నేను చెప్పేదాకా ఒక్క మాట కూడా వద్దు. గుసగుసలాడటం అసలే వద్దు" అని హెచ్చరించాడు.

ఆయన భార్య మహిమ సర్కారు ఆసుపత్రిలో నర్సు. డాక్టరు మాట ఆమెకు బైబిలు వాక్యంతో సమానం. అందుకే ఆసుపత్రి నుంచి ఇంటికి వచ్చే రోజు కారు తానే నడిపింది. పాత మారుతి కారది. ఆ ఎండాకాలమే ఆనందం పక్కన కూర్చుని, అరవకుండా, విసుక్కోకుండా ఆమెకు డ్రైవింగ్ నేర్పాడు. లైసెన్సు కూడా వచ్చింది. కానీ ఊరు దాటి నడపడం అదే మొదలు.

ఓర్వకల్లు దాటాక రాళ్ళగుట్టలు రోడ్డు పక్కకు జరిగి వచ్చే చోట, మలుపులో మేకలమంద అడ్డం వచ్చింది. మహిమ స్టీరింగ్ తిప్పింది. మేకలు బతికాయి గానీ, కారు మూతి పోయి బండకు కొట్టుకుంది. ఆనందం "మహిమా!" అని అరవబోయాడు. ఆమె తన భుజానికి తగిలిన దెబ్బ కూడా మరిచి, చటుక్కున ఆయన నోటికి చెయ్యి అడ్డం పెట్టింది.

"మాట్లాడాకు! ఏం గాలేదు. మాట్లాడాకు!"

ఆనందం ఆ చేతిని రెండు చేతులతో పట్టుకుని, ఆమె భుజం తడిమి చూశాడు.

దారిన పోయే లారీవాళ్ళు తాడు కట్టి కారును ఊరికి చేర్చారు. షెడ్డులో మెకానిక్ బానెట్ మీద చెయ్యి కూడా వేయలేదు. "ఇన్సూరెన్సు వాళ్ళకు చెప్పు సిస్టరూ. వాళ్ళ మనిషి వచ్చి చూడందే విప్పితే క్లెయిము రాదు" అన్నాడు.

ఇన్సూరెన్సు సంగతి మహిమకు కొట్టిన పిండి. ఏటా గడువు గుర్తుపెట్టుకుని కట్టేది ఆమే. పాలసీ బీరువాలో ఏ అరలో ఉందో కూడా ఆనందానికి తెలియదు. ధీమాగా ఫోన్ తీసి కంపెనీ నంబరు కొట్టింది. ఒక అమ్మాయి తియ్యగా పలికింది. అంతా విని, "పాలసీ ఆనందం గారి పేరు మీద ఉంది మేడమ్. వివరాలు వారితోనే మాట్లాడాలి" అంది.

"నేను ఆయన భార్యనమ్మా."

"చాలా సంతోషం మేడమ్. వారిని ఒక్కసారి లైన్లోకి రమ్మనండి. పేరు, పుట్టినతేదీ చెబితే చాలు."

"గొంతు ఆపరేషనైంది. ఆయన మాట్లాడకూడదు."

"మాట్లాడగలిగినప్పుడే చేయమనండి మేడమ్."

ఆనందం చెయ్యి చాపాడు. రెండు ముక్కలే కదా, చెప్పేస్తానని సైగ. మహిమ ఫోన్‌ను వెనక్కి దాచి ఆయన వైపు చూసిన చూపుకు చాపిన చెయ్యి ముడుచుకుంది.

సాయంత్రం ఆమె తమ్ముడు శామ్ వచ్చాడు. సంగతి విని నవ్వాడు. "ఇంతేనా అక్కా? బావ మాదిరి నేను మాట్లాడతా. ఆ పిల్లకు ఏం తెలుస్తాది?"

"అబద్ధం వద్దురా" అంటూనే ఉంది మహిమ. ఈలోపే వాడు ఫోన్ కలిపి, గొంతు బొంగురు చేసుకుని మొదలుపెట్టేశాడు. పేరు చెప్పాడు. పుట్టినతేదీ చెప్పాడు. ఇల్లు యాడుందో చెప్పాడు. చివరికి ఆ అమ్మాయి అడిగింది: "మీ భార్య పేరు సార్?"

"మా అక్క మహిమ" అన్నాడు శామ్.

ఆ అమ్మాయి అంతే మర్యాదగా, ఇక ఫోన్లో కుదరదని, పాలసీదారు గుర్తింపు కార్డుతో కర్నూలు ఆఫీసుకు స్వయంగా రావాలని చెప్పి పెట్టేసింది.

"నోరు జారిందక్కా" అని శామ్ తల గోక్కున్నాడు. మహిమ తిట్టడానికి నోరు తెరిచి, నవ్వు ఆపుకోలేకపోయింది. ఆనందం భుజాలు ఎగిరెగిరి పడుతున్నాయి. ఆమె ఉలిక్కిపడి ఆయన వైపు తిరిగింది. "నవ్వాకు! నవ్వినా గొంతులో పుండు రేగుతాది!" అంది. అది విని ఆయనకు ఇంకా నవ్వొచ్చింది.

మర్నాడు బస్సెక్కి కర్నూలు పోయారు. ఆఫీసులో ఆఫీసరు దేవేంద్రప్ప ఆదోని వైపు మనిషి, నెరిసిన మీసాలు. మహిమ కుర్చీలో కూర్చోకుండానే అందుకుంది.

"దుడ్లు కట్టేటప్పుడు నేను పనికొస్తిని. ఇప్పుడు బయటిదాన్నయితినా సార్? ఇరవై ఏండ్లు కాపురం చేసినా మొగుని కారు సంగతి నాకు చెప్పకూడదంట!"

దేవేంద్రప్ప కోపగించుకోలేదు. మంచినీళ్ళు ఇప్పించాడు.

"కూర్చో తల్లీ. నేను ఇంకో ఊర్లో పనిచేస్తాన్నప్పుడు ఒకాయమ్మ మొగుని దెబ్బలు తాళలేక యాడికో పోయి బతుకుతాండె. ఆమె స్కూటరు పాలసీలో కొత్త అడ్రసు రాపిచ్చుకునింది. మొగుడు మా ఆఫీసుకొచ్చి, నా భార్యదే పాలసీ, కాగితం పోయిందన్నాడు. మొగుడూపెండ్లాలే కదా అని మా గుమాస్తా ఆ అడ్రసు చెప్పేసినాడు. మర్నాడే ఆయమ్మ చెయ్యి విరిగింది."

మహిమ చేతిలో గ్లాసు అట్లాగే ఆగిపోయింది. చెయ్యి విరిగి ఆసుపత్రికి వచ్చి, మెట్ల మీద జారిపడినామని చెప్పే ఆడవాళ్ళను ఆమె ఎంతమందిని చూసిందో. కట్టు కడుతున్నంతసేపూ వాళ్ళు గుమ్మం వైపే చూస్తుంటారు.

"అందరూ నీ మొగునిలా ఉండరు తల్లీ. ఎవురు ఎట్లాంటోళ్ళో మాకు తెలీదు. అందుకే అందర్నీ ఒకే మాట అడుగుతాం" అన్నాడు దేవేంద్రప్ప. "ఇప్పుడు నువ్వు కొంచెంసేపు బయట కూర్చో. ఆయన్ను ఒంటరిగా అడగాల."

ఈసారి మహిమ ఎదురు చెప్పలేదు. బయట బల్ల మీద కూర్చుని అద్దం తలుపులోంచి చూసింది. ఆనందం చేతులతో స్టీరింగ్ తిప్పుతున్నాడు. వేళ్ళతో కొమ్ములు పెట్టి మేకలయ్యాడు. పిడికిలితో అరచేతిని గుద్ది బండ చూపించాడు. తర్వాత తన నోటి మీద తన చెయ్యే పెట్టుకుని, అది మహిమ చెయ్యని చెప్పడానికి బయటికి చూపించాడు. దేవేంద్రప్ప కళ్ళజోడు తీసి కళ్ళు తుడుచుకుంటూ నవ్వుతున్నాడు. మాట పోయినా ఈ మనిషికి మాటలు తగ్గలేదనుకుంది మహిమ.

కాసేపటికి లోపలికి పిలిచారు. "నీకు అన్నీ చెప్పమని రాసిచ్చినాడు తల్లీ. ఇదిగో క్లెయిము కాగితం, నువ్వూ చూసుకో."

మహిమ చదువుతూ ఒక చోట ఆగింది. కారు నడిపింది ఎవరన్న చోట ఆనందం తన పేరే రాశాడు.

"ఇది తప్పు సార్. నడిపింది నేను."

బల్ల కింద ఆనందం ఆమె కాలు నొక్కాడు.

"కాలు తొక్కాకు" అంది మహిమ పైకే. "నేనే నడిపినా సార్. నాకు లైసెన్సు ఉండాది."

దేవేంద్రప్ప ఆనందం వైపు తిరిగాడు. "ఏమప్పా, అదే రోజు ఆసుపత్రి నుంచి వచ్చినోడివి కారు నడిపినావంటే మావాళ్ళు ఒప్పుకుంటారా? శానా చిక్కొస్తాది. ఆమె నడిపిందంటేనే నిజం, మనకు మంచిది కూడా. ఎందుకిట్లా రాసినావు?"

ఆనందం తల దించుకున్నాడు. ఒక తెల్లకాగితం మీద రాసి మహిమ ముందుకు జరిపాడు. 'తప్పు నీ మీద పడితే నువ్వు మళ్ళీ కారు ముట్టుకోవు. నీకు నడపడమంటే ఎంత ఇష్టమో నాకు తెలుసు.'

బల్ల కింద ఈసారి మహిమే ఆయన కాలు నొక్కింది, మెల్లగా.

పేరు సరిచేసి సంతకాలు పెట్టాక ఆమె అడిగింది. "నా పేరు మీద ఒక స్కూటీ ఉండాది సార్, ఈడనే పాలసీ. దాని సంగతులు ఈయనకు చెప్పొచ్చని రాసిస్తా."

"అట్లయితే ఇప్పుడు సారు బయటికి పోవాల" అన్నాడు దేవేంద్రప్ప.

ఆనందం లేచి బుద్ధిగా బయట బల్ల మీద కూర్చున్నాడు. "నీ ఇష్టమేనా తల్లీ?" అని అడిగాడు దేవేంద్రప్ప. ఆమెను అట్లా ఒంటరిగా కూర్చోబెట్టి నీ ఇష్టమేనా అని అడిగినవాళ్ళు అంతకుముందు ఎవరూ లేరు. మహిమ అద్దంలోంచి ఆనందాన్ని ఒకసారి చూసి, "నా ఇష్టమే సార్" అంది.

ఇన్సూరెన్సు వాళ్ళ సర్వే మనిషి వచ్చి కారు చూసిపోయాడు. క్లెయిము వచ్చింది. కారు షెడ్డు నుంచి బయటికొచ్చిన రోజు శామ్ తాళాలు బావకు ఇవ్వబోతే, ఆయన మహిమ వైపు చూపించాడు.

డాక్టరుకు మళ్ళీ చూపించుకోవడానికి ఇద్దరూ పొద్దున్నే బయల్దేరారు. మహిమ నడుపుతోంది. మలుపుల దగ్గర నెమ్మదిస్తోంది, ఎదురుగా లారీ వస్తే పక్కకు జరిగి దారిస్తోంది. గుట్టల మీద ఎండ ఎక్కుతోంది. ఏమైనా సైగ చేస్తాడేమోనని పక్కకు చూస్తే, ఆనందం సీటుకు తల ఆనించి హాయిగా నిద్రపోతున్నాడు.