ఆక్టోపస్ వచ్చిన చోట

మా సాయంకాలం పత్రికను నలభై ఏళ్ళపాటు మొదటి అక్షరం నుంచి చివరి చుక్క దాకా చదివినవాడు ఈ భూమ్మీద ఒకడున్నాడంటే అది నేనే. పేజీలను మేడమీంచి కింది అచ్చుగదికి మోయడం నా ఉద్యోగం, మోస్తూ చదివెయ్యడం నా ఘనత. నా తర్వాతే ఎర్రసిరా అయినా, ఎవరైనా.

ఎర్రసిరా అని మేం పిలిచే మనిషి ప్రూఫులు దిద్దేవాడు. ఆ రోజూ ఎనిమిది కొట్టేసరికి చొక్కా అంచుతో కళ్ళద్దాలు తుడిచి, చూపుడువేలు మొదటి లైను కింద ఆనించాడు. ముప్పై ఏళ్ళ కాగితం రాపిడికి ఆ వేలు నున్నబడి గీతలు కూడా పోయాయి. హాజరు యంత్రం దాన్ని గుర్తుపట్టేది కాదు. ఎదురుగా నిలబడ్డ మనిషిని రాలేదని చూపించేది. సంజాయిషీ అడుగుతూ కాగితం ఇస్తే, అందులో మూడు తప్పులు దిద్ది తిప్పి పంపాడు. జవాబు మాత్రం రాయలేదు.

ఆ ఉదయం వేలు లైన్లమీద నిలవలేదు. ఇంటి దగ్గర బయల్దేరబోతుంటే చెల్లెలు తలుపుకి అడ్డంగా నిలబడింది. బడిలో పాఠాలు చెప్పుకునే మనిషి. మొగుడికి కూడా చెప్పకుండా ఊళ్ళోని ప్రైవేటు పెద్దాసుపత్రిలో వైద్యం చేయించుకుంటోంది.

"ఎవడో ఫోన్ చేశాడు అన్నయ్యా. నా రిపోర్టు అక్షరం పొల్లుపోకుండా చదివాడు. మీ బడికి పంపమంటావా అన్నాడు."

అతను చేతిలో గొడుగు గోడకి ఆనించాడు.

"మీ పేపర్లో రాయించు. నా పేరు వద్దు. ఇంకో ఆడదానికి ఈ ఫోన్ రాకూడదు."

"వస్తుంది. ఈ పూటే వస్తుంది," అన్నాడు. అచ్చుకి ముందే ఇచ్చిన మాట అది.

ఆఫీసుకొచ్చి చూస్తే ఆ వార్త అప్పటికే మూడో పేజీలో ఉంది. విలేకరి రెండు రోజులు తిరిగి రాసింది. ఆసుపత్రి వెబ్‌సైట్‌లో మన రిపోర్టు తెరిచి, పైన అడ్రసులో చివరి అంకె మారిస్తే చాలు, పక్కవాళ్ళ రిపోర్టు తెరుచుకుంటుందట. పాస్‌వర్డ్ లేదు, పాడూ లేదు. ఎర్రసిరా నమ్మక, పేజీలు పెట్టే అమ్మాయి కంప్యూటర్‌లో చెల్లెలి రిపోర్టు నంబరు కొట్టించాడు. చివరి అంకె మార్పించాడు. ఎవరో ముక్కూ మొహం తెలియని పెద్దావిడ ఒంట్లోని సంగతులన్నీ తెరమీద పరుచుకున్నాయి. పొట్లం కాగితాన్ని కూడా చదవకుండా పారెయ్యని మనిషి గబుక్కున కళ్ళు మూసుకున్నాడు.

"మూసెయ్ తల్లీ, మూసెయ్," అన్నాడు. చెవులు ఎర్రబడ్డాయి.

పదకొండింటికి ఎడిటర్ వచ్చాడు. "ఆ ఆసుపత్రి నాలుగు లైన్లూ తీసెయ్యండి. ఆక్టోపస్ పెట్టండి."

"ఏం, తప్పు రాశామా?" అన్నాడు ఎర్రసిరా.

"మొదటి పేజీలో ఫొటో ఎవరిదో కళ్ళద్దాలు పెట్టుకుని చూడవయ్యా."

చూశాడు. ఆసుపత్రి యజమాని. ఎన్నికల్లో నిలబడుతున్నాడు. మెడలో దండలు, ఐదు కాలమ్‌ల వెడల్పున పళ్ళు.

"నా చెల్లెలి రిపోర్టు దారినపోయేవాడు చదువుతున్నాడండీ!"

"అక్షరాలు దిద్దడం నీ పని. వార్తలు నేను దిద్దుకుంటాను," అని ఎడిటర్ గదిలోకి పోయాడు.

ఆక్టోపస్ అంటే చెప్పాలి. ఆఖరి నిమిషంలో వార్త ఎగిరిపోతే ఆ కన్నం పూడ్చడానికి విజ్ఞానం ముక్కలు సిద్ధంగా ఉంచుతారు. మా దగ్గర ఉన్నది ఒక్కటే: 'ఆక్టోపస్‌కు మూడు గుండెలు. ఈదేటప్పుడు వాటిలో ఒకటి ఆగిపోతుంది.' బావిలో విషం కలిసిన రోజు వచ్చింది. వంతెన కూలిన మర్నాడు వచ్చింది. ఎర్రసిరా తన చేత్తో నలభై ఒక్కసార్లు దానికి సరే అని సంతకం పెట్టాడు. ఎడిటర్ మీద వచ్చిన కోపం ఆ లెక్క గుర్తొచ్చేసరికి తనమీదికి తిరిగింది. బల్లమీద గుద్దితే టీ గ్లాసు ఎగిరి పడింది.

"బాబాయ్, పెట్టెయ్యనా?" అంది అమ్మాయి, గ్లాసు నిలబెడుతూ.

"పెట్టు. నేను చెప్పినట్టు కొట్టి పెట్టు. అడిగితే ఆ ముసలాడు కొట్టమన్నాడని చెప్పు."

అతని తర్వాత దిద్దేవాడు లేడు. సంతకం పెట్టి పేజీ నా చేతికిచ్చాడు. నావైపు చూసి నవ్వి, "చదువుకుంటూ దిగరా," అన్నాడు. చొక్కా చేతులు దించుకుని, గొడుగు తీసుకుని, వెనక మెట్లమీంచి వెళ్ళిపోయాడు. ఉద్యోగం తీసేసే శ్రమ కూడా వాళ్ళకి మిగల్చలేదు.

పేపరు వీధిలోకి వెళ్ళిన అరగంటకి ఫోన్లు మొదలయ్యాయి. అప్పుడు చూశాను. మూడో పేజీ అడుగున ఇలా ఉంది:

'ఆక్టోపస్‌కు మూడు గుండెలు. ఈ మాట మీరు ఇక్కడ చదివిన ప్రతిసారీ మేమొక వార్తను చంపాం. ఇవాళ్టిది: పెద్దాసుపత్రి వెబ్‌సైట్‌లో మీ రిపోర్టులు ఎవరైనా చదవొచ్చు. బెదిరిస్తే లొంగకండి, నలుగురూ కలిసి అడగండి.'

చీకటి పడకముందే ఆ వెబ్‌సైట్ మూతపడింది. మర్నాడు బడికి వెళ్ళేముందు చెల్లెలు మొగుడికి తనే చెప్పుకుందట.

ఇక నా గొప్ప సంగతి. ఆ పేజీ నా చేతుల్లోనే ముప్పై రెండు మెట్లు దిగింది, నేను ఒక్క అక్షరం చూసిన పాపాన పోలేదు. నలభై ఏళ్ళలో నేను చదివింది ఆక్టోపస్ ఒక్కటే. అదీ ప్రతిసారీ కొత్తగా ఆశ్చర్యపోతూ.

మిగతాదంతా నిజం. అతను నవ్వాడనీ, చదువుకుంటూ దిగమన్నాడనీ అన్నది మాత్రం నా కల్పన. ఆ రోజు అతను నా మొహం కూడా చూడలేదు. బల్లమీద మూత పెట్టని ఎర్ర కలం ఒకటి వదిలేశాడు. దాని ములుకు కింద, ఆ టీ తడిలో, ఎరుపు మెల్లగా పాకుతూ పోయింది.