వీసమెత్తు దూకుడు

ఈతకొలను గట్టు మీద తర్కం మాస్టారు నిలబడి అప్పటికే చాలాసేపయింది. కాలేజీలో ఏళ్ళ తరబడి తర్కం చెప్పి రిటైరైన మనిషి. కింద నీళ్ళలో ఆయన భార్య తేలుతూ తల పైకెత్తి చూస్తోంది. ఇద్దరూ ఒకేరోజు ఈతకు చేరారు. ఇవాళ లోతు వైపు దూకినవాళ్ళు పెద్దల తరగతికి వెళతారు. దూకనివాళ్ళు మళ్ళీ రబ్బరు చక్రాలు తొడుక్కున్న పిల్లల మధ్యకి. ఆవిడ దూకేసింది.

పిల్లలతో మోకాలిలోతు నీళ్ళలో కూర్చోవడం ఆయనకు పెద్ద బాధ కాదు. తను లేనిచోట ఆవిడ అంత హాయిగా తేలుతోందే, అదీ ముల్లు.

“మాస్టారూ, ఇక కానివ్వండి,” అన్నాడు కోచ్, ఈల తాడు వేలికి చుట్టుకుంటూ.

“చూడు బాబూ. నీళ్ళను చేరాలంటే ముందు సగం దూరం చేరాలా? ఆ సగానికి ముందు దాని సగం. దానికీ ముందు ఇంకో సగం. వీటికి అంతు లేదు. మొదలంటూ లేనిదాన్ని ఎక్కణ్ణించి మొదలుపెట్టమంటావు?”

“మరి అమ్మగారెలా దూకారండీ?”

“ఆవిడకు తర్కం రాదు.”

తన గొంతులోని ధీమా ఆయనకే నచ్చింది. పిరికితనానికి ఇంత మంచి బట్టలు కుట్టించావు కదయ్యా అని లోపల మాత్రం ఎవరో కిసుక్కున నవ్వారు.

“ఏమండీ, మీ మెట్టవేదాంతం నేనొప్పుకున్నా,” అంది భార్య. “పూర్తిగా దూకమనడం మా బుద్ధితక్కువ. మీరు సగమే దూకండి.”

“సగానికి ముందు పావు...”

“పోనీ పావు.”

“పావుకు ముందు అందులో సగం, పరక.”

“అయ్యో రామా! వీసం దూకండి. వీసమంటే వీసమే. మిగతా దూరం నేను చూసుకుంటా, దాని జోలికి మీరు రావద్దు.”

ఇంత దిగొచ్చాక కాదనడం మర్యాద కాదనిపించింది. వీసమంటే ఎంత, బొటనవేలు గట్టు దాటేంత. ఒప్పుకున్న ప్రకారం ఆయన అంతే జరిగారు.

దభేల్!

పైకి తేలేసరికి ముక్కులో నీళ్ళు, చెవుల్లో నీళ్ళు. భార్య చంక కింద చెయ్యి వేసి పట్టుకుంది.

“ఇది... రుజువు కాదు,” అని దగ్గారు. “భూమి లాగింది. నేనొప్పుకున్నది వీసమే.”

“అన్యాయమేనండీ. భూమి మీద కేసు వేద్దాం. ముందు కాళ్ళాడించండి.”

ఆడించారు. ఏ కాలు ముందు కదిలిందో చూసుకునే తీరిక లేకపోయింది.